ఆ పూట ఏం తిన్నావు

పెద్దక్క పోయి ఎనిమిది నెలలయిందని నాకు బందరు బస్టాండులో తెలిసింది. చెప్పింది పాత రొయ్యల కంపెనీలో గ్రేడింగు చేసిన ఒకావిడ. గుడివాడ వెళ్ళి రైలెక్కాలని బస్సు కోసం నిలబడి నేను అరటిపండు తింటున్నాను. "అయ్యో" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చిందే గాని లోపల ఏదీ కదల్లేదు. ఆవిడ ఇంకా చెబుతోంది. జ్వరం వచ్చిందట, అవనిగడ్డ ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉందట. కూతురు ఇప్పుడు గుడివాడ స్టేషన్ రోడ్డులో జాకెట్లు కుడుతోందట. నేను తలూపుతూ పండు పూర్తిగా తినేసి, తొక్క ఎక్కడ పడెయ్యాలా అని చూశాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దుఃఖం వస్తుందేమోనని సగం దారి దాకా చూశాను. రాలేదు. వచ్చిందల్లా ఆవిడ టీ గ్లాసు పట్టుకునే తీరు.

తొంభైల మాట ఇది. బంటుమిల్లి వైపు వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్న రోజులు. బందరు శివార్లలో ఒక కంపెనీ ఆ రొయ్యల్ని కొని, తలలు తీసి, వలిచి, ఐసు దిమ్మల్లో బిగించి జపాను పంపేది. నేను అందులో కాగితాల పని చూసేవాణ్ణి. ఆఫీసులో బీకాం చదివి, పెళ్ళి కాకుండా ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి కంపెనీ నన్ను ఆరు నెలలు మద్రాసు పంపి జపాను భాష నేర్పించింది. తిరిగొచ్చేసరికి నాకు అంకెలు, వారాలు, చల్లదనం ఎన్ని డిగ్రీలో, రొయ్య ఏ సైజో చెప్పడం వచ్చింది. బందరులో అది చాలా ఎక్కువ. జపాను అక్షరాలున్న కాగితం ఏది కనబడినా, అది బిస్కెట్ల రేపరయినా సరే, తెచ్చి నా బల్ల మీద పెట్టి గౌరవంగా వెళ్ళిపోయేవారు.

డిసెంబరులో మద్రాసులో పరీక్ష ఉంది. పాసయితే పెద్ద కంపెనీలు పిలుస్తాయి. నేనేమో జెరాక్సు పుస్తకంలో పదమూడో పాఠం దగ్గర ఆగిపోయాను. ఆ పాఠం నిండా మనసు మాటలే. సంతోషం, బెంగ, సిగ్గు, ఉక్రోషం, భయం, దుఃఖం. రొయ్యకి మనసుండదు కాబట్టి ఆఫీసులో వాటితో పనిపడేది కాదు. పొద్దున బట్టీపట్టినవి మధ్యాహ్నానికి ఒక్కటీ మిగిలేది కాదు. ఒకరోజు టీ వేళ క్యాంటీన్ అరుగు మీద కూర్చుని ఆ కాగితం పట్టుకుని గొణుక్కుంటుంటే పెద్దక్క వచ్చి పక్కన కూర్చుంది.

ఆవిడకి ఒక పేరుంది, హాజరు పుస్తకంలో ఉండేది. అయితే హాల్లో రొయ్యలు వలిచే వందమంది ఆడవాళ్ళూ, మేనేజరూ, నేనూ అందరం పెద్దక్క అనే పిలిచేవాళ్ళం. నలభై దాటి ఉంటాయి. నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు పల్లె ఆవిడది. మనిషి పొడుగు. ఆడవాళ్ళ గంబూట్లు ఆవిడకి పట్టక మగవాళ్ళవి వేసుకుని తపతపమని నడిచేది. చేతులు పొద్దస్తమానం ఐసులో నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి. వాటికి వేడీ చల్లనా తెలియడం మానేసి చాలా కాలమయిందిట. టీ గ్లాసు అందుకుంటే ముందు చెంపకి ఆనించి చూసుకునేది. రొయ్య ముల్లు గుచ్చుకుంటే ట్రేలో నీళ్ళు ఎర్రబడేదాకా తెలిసేది కాదు. అప్పుడు కూడా "ఎవరిదే ఈ రక్తం?" అని పక్కవాళ్ళని అడిగి, ఆఖర్న తన వేళ్ళు చూసుకునేది.

ఆవిడకి ఒక అలవాటుంది. ఎవరేం చెప్పుకున్నా, మొగుడు కొట్టాడన్నా, కొడుకు పదో తరగతి పాసయ్యాడన్నా, అంతా విని "ఆ పూట ఏం తిన్నావు?" అని అడిగేది. జవాబు టక్కున వస్తే నమ్మేది. తడబడితే "అయితే నీకంత బాధేం లేదులే, పోయి పని చూసుకో" అనేది. ఇందుకు హాల్లో కొందరికి ఆవిడంటే ఒళ్ళు మంట. ఒకసారి మేనేజరుగారు రాత్రి తనకి గుండెల్లో నొప్పి వచ్చిందని చెబుతుంటే ఆయన్నీ వదల్లేదు. ఆయన టక్కున "పెసరట్టు" అన్నాడు. "అయితే నిజంగానే వచ్చింది, డాక్టరుకి చూపించుకోండి" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు అరుగు మీద నా కాగితంలోకి తొంగి చూసి, "ఏంటి బాబూ, మంత్రమా?" అంది.

"పాఠం, పెద్దక్కా. ఎంత చదివినా బుర్రకి ఎక్కట్లేదు."

"ఏదీ, ఒకటి చెప్పండి."

"కుయాషీ. అంటే, దక్కాల్సింది కాస్తలో తప్పిపోతే లోపల ఉడికిపోతామే, అది."

ఆవిడ గ్లాసు చెంపకి ఆనించుకుని ఆలోచించింది. "మొన్న మూడో టేబులు పిల్ల ట్రే మొత్తం బాగుండి, ఒక్క తోక విరిగిందని గ్రేడరు వెనక్కి తోసింది. అదేనా?"

"అదే."

"ఆ పూట క్యాంటీన్లో సాంబారు. ఆ పిల్ల ముట్టుకోలా. రాసుకోండి."

నేను నవ్వుతూ కుయాషీ పక్కన 'మూడో టేబులు, సాంబారు' అని రాసుకున్నాను. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత రోజూ టీ వేళ అదే పని. నేను ఒక మాటకి అర్థం చెప్పాలి, ఆవిడ దానికి ఒక మనిషినీ ఒక వంటకాన్నీ వెతికి పెట్టాలి. సిగ్గుకి హజుకాషీ. కొత్తగా పెళ్ళయిన పిల్ల టిఫిన్ డబ్బా మూత తీస్తే మొగుడు స్వయంగా వండి పెట్టిన గుడ్డు కూర బయటపడిన రోజు. బెంగకి సబిషీ. కేరళ నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆదివారం కొబ్బరినూనెతో చేప వండుకుని, ఎవరూ తినకుండా గిన్నె చుట్టూ కూర్చోవడం. నత్సుకాషీ అన్న మాటకి తెలుగులో ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఎప్పటిదో ఒకటి మళ్ళీ ఎదురయితే హాయిగానూ ఉంటుంది, కొంచెం నొప్పిగానూ ఉంటుంది అన్నాను. "వాన పడతా ఉంటే ఎవరింట్లోనో ఎండుచేప కాలుస్తారు చూడండి, అది. పుట్టింటి వాసన" అంది, తడుముకోకుండా. సంతోషానికి ఉరెషీ. దానికి తన సొంతమే ఇచ్చింది. కూతురు పుట్టాక తల్లి కలిపి నోట్లో పెట్టిన మొదటి బాలింత కారం ముద్ద.

ఆవిడ నాచేత పాఠం అప్పజెప్పించుకోవడం ఇంకా బాగుండేది. టీ అయ్యాక మళ్ళీ మూతికి మాస్కు కట్టుకునేది. కళ్ళతో ఒక భావం పట్టి చూపించేది. నేను మాట చెప్పాలి. ఆ కళ్ళు సిగ్గుపడేవి, ఉడుక్కునేవి, బెంగపడేవి. చుట్టూ ఆడవాళ్ళు పోగయి పకపకా నవ్వేవారు. కనాషీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ మాస్కు విప్పి ఒళ్ళో పెట్టుకునేది. కనాషీ అంటే దుఃఖం.

"అది నాకు రాదు బాబూ. ఇంకెవర్నన్నా అడగండి" అనేది.

ఆ పాఠంలోనే ఇంకో సంగతి ఉంది. జపానువాళ్ళు ఎదుటి మనిషి గురించి "అతనికి బాధగా ఉంది" అని తేల్చి చెప్పరు. "బాధగా ఉన్నట్టుంది" అంటారు. లోపలి సంగతి మనకేం తెలుసని. నేనిది చెబితే పెద్దక్క "మర్యాదయిన మనుషులు" అంది.

ఆ మర్యాదయిన మనుషుల్లో ఒకాయన మా దగ్గరే ఉండేవాడు. సరుకు పరీక్షించడానికి వచ్చిన జపాను ఇన్‌స్పెక్టరు. యాభై ఏళ్ళ సన్నటి మనిషి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా రొయ్య దిమ్మల్లో థర్మామీటరు గుచ్చి అంకెలు రాసుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఆయన పేర ఫ్యాక్సు వచ్చింది. తీసుకెళ్ళి ఇచ్చాను. చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మ పోయింది" అని చెప్పి చిన్నగా నవ్వాడు. టిక్కెట్టు విషయంలో నాకు శ్రమ కలిగిస్తున్నందుకు క్షమించమన్నాడు. మద్రాసు నుంచి విమానం నాలుగో రోజుకి గాని దొరకలేదు. ఆయన క్యాంటీన్‌కి వెళ్ళి, వడ్డించిన భోజనం ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, బూట్లు వేసుకుని హాల్లోకి వెళ్ళాడు.

మా వైపు చావు కబురు చెవిన పడితే కంచం ముందు నుంచి లేచిపోతాం. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంటుంది. చిన్నపిల్లలకి కూడా ఎవరూ నేర్పకుండానే తెలుసు అది. హాలంతా గుప్పుమంది.

"కన్నతల్లి పోయిందని తెలిసి ముద్ద ఎట్టా దిగిందే?"

"దిగటమా, నవ్వాడంట కూడానూ."

"మనిషేనా?"

పెద్దక్క తల వంచుకుని రొయ్యలు వలుస్తూనే ఉంది. టీ వేళ నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆయన అన్నం మొత్తం తిన్నాడా?"

"తిన్నాడు."

"కంచం ఖాళీ చేశాడా?"

"చేశాడు, పెద్దక్కా. నేను చూశాను."

అరుగు మీద కూర్చుంది. గ్లాసు చెంపకి ఆనించుకోలేదు, పక్కన పెట్టేసింది. అప్పుడు చెప్పింది.

"మా ఆయన పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడిందని ఇద్దరు మనుషులొచ్చి చెప్పారు. నేను అన్నం తింటన్నా. చద్దన్నం, ఎండ్రొయ్యల పొడి. వాళ్ళు చెప్పేది వినపడతానే ఉంది. చెయ్యి మాత్రం ఆగలా. కంచం ఊడ్చుకుని తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు వాళ్ళెంట ఒడ్డుకి పోయా. శవాన్ని తెచ్చారు. ఊరంతా ఏడ్చింది. నాకు రాలా. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలవదు. ఏడవలేదని కాదు బాబూ వాళ్ళ కోపం, తిన్నానని. మా పిల్ల గుమ్మంలో నిలబడి నేను తినటం చూసింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు."

అత్తగారు పిల్లని అట్టేపెట్టుకుంది. మొగుడు పోయాడంటే అన్నం మింగిన దాని దగ్గర పిల్లని ఉంచేది లేదంది. పెద్దక్క బందరు వచ్చి కంపెనీలో చేరింది. నాలుగేళ్ళుగా ఆదివారాలు బస్సెక్కి వెళ్తుంది. పిల్ల మొహం చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఈవిడ కాసేపు అరుగు మీద కూర్చుని తిరిగొస్తుంది.

"ఆయనకో మాట చెప్పాలి, నేర్పించండి" అంది.

నేను పుస్తకం తీసి, చావు ఇంట పరామర్శకి వాడే మాట చూపించాను. చాలా మర్యాద మాట, నోరు తిరగడం కష్టం. ఆవిడ విని తల అడ్డంగా ఊపింది. "అది ఎవరైనా చెప్తారు. నాకూ ఏడుపు రాలా అని చెప్పాలి. అంతే."

వతాషి మొ నకెమసెన్ దెష్త. రెండు రోజులు ఐసు ముందు నిలబడి గొణుక్కుంది. రొయ్య తల ఒకటి తీస్తే మాట ఒకటి. మూడో టేబులు పిల్లకి కూడా వచ్చేసింది.

రెండో రోజు సాయంత్రం ఆయన థర్మామీటరు పట్టుకుని ఆవిడ టేబులు దగ్గరికి వచ్చాడు. హాల్లో మాస్కు తియ్యకూడదు. పెద్దక్క తీసేసింది. చేతులు రెండూ ఏప్రానుకి తుడుచుకుని, ఆ మాట చెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆయన థర్మామీటరు దించి ఆవిడ వైపు చూశాడు. "సో దెస్ క" అన్నాడు. అలాగా అని. థర్మామీటరు చూసి అంకె రాసుకుని ముందుకి వెళ్ళాడు.

మర్నాడు ఆయన ప్రయాణం. మధ్యాహ్నం ఆఫీసర్ల గదిలోకి వెళ్ళకుండా కంచం పట్టుకుని ఆడవాళ్ళు తినే చోటికి వచ్చి, పెద్దక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ తిన్నారు. ఇద్దరూ కంచాలు ఖాళీ చేసి, ఒకే పంపు దగ్గర ఒకరి తర్వాత ఒకరు కడుక్కున్నారు. ఆఫీసు కిటికీలోంచి చూస్తున్న నాకు ఏడుపొచ్చినంత పనయింది. వాళ్ళిద్దరికీ రానిది నాకెందుకు రావాలో తెలియలేదు.

ఆ సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర పెద్దక్క నన్ను ఆపింది.

"ఆ బాసలో అయితే వచ్చింది బాబూ. మన మాటలో పిల్ల ముందు నోరు పెగలదు. నాలుగేళ్ళ నించీ చూస్తన్నా. మీరొచ్చి దానికి చెప్పండి. అమ్మ తిన్న మాట నిజమే, కానీ ఏం తింటందో ఆ పూట అమ్మకి తెలవదు అని చెప్పండి. చదువుకున్నోళ్ళు, మీ మాటయితే వింటది."

"తప్పకుండా, పెద్దక్కా. వచ్చే ఆదివారమే" అన్నాను. నిజంగా వెళ్దామనే అన్నాను.

ఆ ఆదివారం వాన. తర్వాతి ఆదివారం మా మావయ్య వచ్చాడు. ఆ సోమవారం పెద్దక్క ఆఫీసు అద్దం తలుపు దగ్గర, లోపలికి రాకుండా, నిలబడింది. "కుదర్లేదా బాబూ?" అంది. పరీక్ష అయ్యాక వెళ్తానన్నాను. "అవున్లే, ముందు చదువుకోండి" అంది. మూడోసారి అడగలేదు. టీ వేళ మాత్రం మునుపటిలాగే వచ్చి, కళ్ళతో పాఠం అప్పజెప్పించుకుంది.

పరీక్షలో మనసు మాటల మీద వచ్చిన ప్రశ్నలన్నీ రాశాను. ఒక్కటీ తప్పు పోలేదు. ఫిబ్రవరిలో విశాఖపట్నంలో పెద్ద ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు ఆవిడ "ఆరోగ్యం జాగ్రత్త" అంది. ఆ తర్వాత రెండేళ్ళకి చెరువులకి రోగం తగిలి కంపెనీ మూతపడిందని విన్నాను.

ఎందుకు వెళ్ళలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పన్నెండేళ్ళ పిల్ల ముందు నిలబడి ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. ఊళ్ళోవాళ్ళు నువ్వు ఆవిడకి ఏమవుతావని అడిగితే ఏం చెప్పాలి అనుకున్నాను. ఇవి ఉన్నాయి. కానీ అసలు సంగతి అంతకంటే చిన్నది. నాకు బద్ధకం వేసింది. వెళ్తే ఒక రోజు పోతుంది అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

గుడివాడలో బస్సు దిగేసరికి రైలుకి ఇంకా రెండు గంటలుంది. స్టేషన్ రోడ్డులో కొట్టు వెతకడం కష్టం కాలేదు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, మెడలో టేపు వేలాడుతోంది, పొడుగు మనిషి. కాజాలు కుడుతోంది. మీ అమ్మగారితో కలిసి కంపెనీలో పనిచేశానని చెప్పాను. స్టూలు తుడిచి వేసి, ఫ్యాను నా వైపు తిప్పింది.

చెప్పాల్సింది చెప్పాను. చద్దన్నం సంగతి, ఆగని చెయ్యి సంగతి, ఏం తింటోందో ఆవిడకి తెలియలేదన్న సంగతి. జపానాయన సంగతి కూడా చెప్పాను. పదేళ్ళ కిందట చెప్పాల్సిన మాటలు వరసగా, తడబడకుండా వచ్చాయి. చెబుతున్నంతసేపూ నాకు ఏమీ అనిపించలేదు. ఆ అమ్మాయి సూది ఆపలేదు. నేను ముగించాక దారం తెంపి, జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

"అమ్మ చెప్పిందండి మీ గురించి" అంది. "మా పక్కింటావిడతో కబురు పెట్టింది. కంపెనీలో చదువుకున్న బాబుగారు ఒకాయన ఆదివారం వస్తారు, ఆయన చెప్పేది విను, విన్నాక కూడా నేను నీకు వద్దనిపిస్తే ఇంక రాను అని."

నేను ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను.

"రెండు ఆదివారాలు పొద్దున్నే తల దువ్వుకుని అరుగు మీద కూర్చున్నానండి. నాయనమ్మ తిట్టినా లోపలికి పోలేదు. మొదటిసారి వానలో ఎవరో సైకిల్ మీద వస్తుంటే మీరే అనుకుని రోడ్డు దాకా పరిగెత్తాను."

ఎవరో ఆవిడ జాకెట్టు కోసం వచ్చింది. రేపు రమ్మని పంపించింది. మళ్ళీ నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

"అట్టాంటి బాబుగారు ఎవరూ లేరు, అమ్మే కల్పించి చెప్పింది అనుకున్నానండి. ఆస్పత్రిలో నాలుగు రోజులూ పక్కనే కూర్చున్నాను. అప్పుడూ అదే అనుకుంటున్నాను."